‘మనోళ్ళు’ అంటే ఎవరు?

మాది డోర్నకల్. 2016లో మహబూబాబాద్ జిల్లాలో కలిసింది గానీ, నా నోటికి ఇప్పటికీ వరంగల్ జిల్లా అనే వస్తుంది. మా ఊరి గురించి ఎవరడిగినా రెండు చెప్తాం. ఒకటి రైల్వే జంక్షన్. రెండోది 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్యగారు.

నాన్న మాత్రం ఫుట్‌బాల్ గురించే చెప్పేవాడు. రైల్వే ఉద్యోగం వచ్చి డోర్నకల్ చేరకముందు ఆయన సికింద్రాబాద్‌లో పెరిగాడు. 1948లో నిజాం రాజ్యం పోయింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుదే. 1956 నవంబర్‌లో హైదరాబాద్ రాష్ట్రమే మాయమైంది. ఆ నెలే మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ మొదలై, రహీం సాబ్ తయారుచేసిన భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బలరాం, తంగరాజ్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. “అందరు మనోళ్ళే” అనేవాడు నాన్న. ఏ మతమని గానీ, ఏ భాషని గానీ చూసేవాడు కాదు. అది చిన్న విషయం కాదని ఇప్పుడనిపిస్తుంది.

ఆ ‘మనోళ్ళ’లో నేనున్నానా అన్నది మాత్రం నాకప్పుడు తోచలేదు.

పట్టాల అవతల ఖాళీ జాగాలో అన్నయ్యా వాళ్ళూ ఆడేవాళ్ళు. తుమ్మచెట్లలోకి పోయిన బంతిని తెచ్చివ్వడం నా పని. చేత్తో తేకుండా కాలితో తన్నేదాన్ని. అదే నా ఆట. 1980లో, నా పన్నెండో ఏట, అదీ ఆగిపోయింది. “పెద్దమనిషివైనంక ఆ ముండ్లల్ల ఉరుకుడేంది బిడ్డా?” అంది అమ్మ. నేను నాన్న వంక చూశాను. పాసింగ్ గురించి గంటసేపు చెప్పగల మనిషి “ఆడపిల్లలకు ఫుట్‌బాల్ యాడుంటదే?” అన్నాడు.

ఉంది. 1975లోనే మహిళల ఫుట్‌బాల్‌కు వేరే సమాఖ్య ఏర్పడింది. అదే 1980లో కాలికట్‌లో ఆసియా మహిళల పోటీలు జరిగితే, మన జట్టు ఫైనల్‌దాకా వెళ్ళి తైవాన్ చేతిలో ఓడింది. ఈ సంగతి నాకు నలభై దాటాక తెలిసింది. మా ఇంటికి రోజూ పేపరొచ్చేది, నాన్న ముందు ఆటల పేజీయే తెరిచేవాడు. అందులో ఆ వార్త రాలేదో, వచ్చినా నాకు చదివి వినిపించాలని ఆయనకు తోచలేదో! తుమ్మముళ్ళ కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

2024 సెప్టెంబర్‌లో జీవంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. కూలి చేసుకు బతికిన ఇంటి పిల్ల. చిన్నప్పుడు ఊళ్ళో వెక్కిరించేవారని తల్లిదండ్రులే చెప్పుకున్నారు. టీవీ ముందు కూర్చున్న నాన్నకు ఎనభయ్యారేళ్ళు.

“ఏ ఊరు?”

“కల్లెడ. పర్వతగిరి కాడ.”

“మనోళ్ళే” అన్నాడు.

ఒక ఆడపిల్లను ఆయన అలా అనడం అదే మొదటిసారి వినడం. అప్పుడు కాలికట్ సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ కాలం ఆటగత్తెల పేర్లు అడిగాడు. శాంతి మల్లిక్ ఉందన్నాను, 1983లో అర్జున అవార్డు అందుకున్నామె.

“శాంతి మల్లిక్” అని ఒకసారి పలికాడు. కాసేపాగి, మరిచిపోతానేమో రాసిమ్మన్నాడు.