జ్వాలాపురం బూడిద కింద

యాగంటికి వచ్చేవాళ్లు కోనేట్లో మునిగి, ఉమామహేశ్వరుణ్ని దర్శించుకుని, బసవన్నకు మొక్కి, గుహలెక్కి దిగి తిరుగు బస్సెక్కేస్తారు. ఆ కొండల పక్కనే జుర్రేరు పారే లోయలో 70 వేల ఏళ్లకు పైబడిన మనిషి జాడ మట్టిపొరల్లో ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు. గుడినీ లోయనూ కలిపి చూడాలని నేను ఆళ్లగడ్డ నుంచి బయలుదేరాను.

ఆళ్లగడ్డ నుంచే ఎందుకంటే, రాతి పనిముట్లను చదవడం నేర్చుకోవాలంటే రాయి కొట్టేవాళ్లను చూడాలి. రోడ్డు పక్క శిల్పశాలలో ఒకాయన అమ్మవారి విగ్రహం చెక్కుతున్నాడు. ఆయన చుట్టూ రాతిపెచ్చులు మూడు రకాలుగా పడి ఉన్నాయి. బండను ఆకారానికి తెచ్చిన చోట అరచేతంత పెచ్చులు, చేతులూ ముఖమూ తీర్చిన చోట గోరంత ముక్కలు, నగిషీ పెట్టిన చోట పొడి. “విగ్రహాన్ని ఎత్తుకపోయినా, ఈ పెచ్చుల్ని చూస్తే పని యాడిదాకా వచ్చిందో చెప్పొచ్చు సార్” అన్నాడాయన. పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వకాల్లో చేసేదీ ఇదే. రాతి గొడ్డలి కంటే దాని చుట్టూ రాలిన పెచ్చులే ఎక్కువ సంగతులు చెబుతాయి. పనిముట్టు అక్కడే తయారైందా, వేరేచోట చేసి తెచ్చారా, ఏ వైపు నుంచి దెబ్బ వేశారు అన్నవన్నీ వాటిలోనే ఉంటాయి. బతికున్నవాళ్ల పనిని గమనించి పాతకాలపు ఆనవాళ్లను అర్థం చేసుకునే ఈ పద్ధతికి కర్నూలు ప్రాంతంలో గట్టి పునాది వేసినవారు ఎం.ఎల్.కె. మూర్తి. బేతంచెర్ల దగ్గరి ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వకాలు జరిపి, 17 వేల ఏళ్ల నాటి పొయ్యి ఆనవాళ్లనూ ఎముకలతో చేసిన పనిముట్లనూ ఆయన వెలికితీశారు. ఆ చుట్టుపక్కల వేటమీద, అడవి తిండిమీద ఆధారపడిన కులాలూ తెగలూ ఏ కాలంలో ఏం తింటాయో, ఎలా ఉచ్చులు పన్నుతాయో గమనించి రాశారు.

నంద్యాల, పాణ్యం దాటి బనగానపల్లె వైపు తిరిగితే అరుగులూ ప్రహరీలూ అన్నీ నాపరాయే. ఎర్రమల కొండల ఒడిలో యాగంటి గుడి. మంటపంలో బసవన్న ముందు ఒక పెద్దాయన నన్ను పిలిచి చెప్పాడు: “మా అబ్బ కాలంలో బసవన్న చుట్టూ తిరిగేటోళ్లంట నాయనా. ఇప్పుడు ఆ స్తంభం కాడ మనిషి పట్టడు. పెరుగుతాండాడు సామి.”

ఇలాంటి మాట విన్నప్పుడు మానవ శాస్త్రం ఎగతాళి చేయదు, ధ్రువీకరణ పత్రమూ ఇవ్వదు. ఎవరు చెబుతున్నారు, ఎవరి దగ్గర విన్నారు, ఆ నమ్మకంతో ఏం చేస్తున్నారు అని రాసుకుంటుంది. రాయి పెరిగిందా లేదా అన్నది వేరే ప్రశ్న. కదలని గుర్తు ఒకటి పెట్టుకుని, ఒకే కొలతతో ఏళ్ల తరబడి కొలిస్తే దానికి జవాబు వస్తుంది. బసవన్న పెరుగుతున్నాడన్న మాట వెనక బ్రహ్మంగారి కాలజ్ఞానం ఉంది, కాలం ఎక్కడికి పోతోందన్న ఆరాటం ఉంది. అది టేపుకు అందేది కాదు. కొండ గుహల్లో వేంకటేశ్వరుడు, అగస్త్యుడు, వీరబ్రహ్మం, కింద శివుడు. విగ్రహం కాలిగోరు విరిగిందని అగస్త్యుడు వేంకటేశ్వరుణ్ని ప్రతిష్ఠించలేదన్న కథ నేటికీ ఆ గుహ ముందు చెబుతారు. ఒకే కొండలో ఇన్ని నమ్మకాలు ఒకదాని పక్కన ఒకటి ఎలా సర్దుకున్నాయో తెలుసుకోవాలంటే భక్తుల పక్కన కూర్చుని, ఓపికగా వినాలి.

మధ్యాహ్నానికి జుర్రేరు లోయలోని జ్వాలాపురం చేరాను. తవ్విన గుంత అంచున నిలబడితే పొరలు స్పష్టంగా కనిపించాయి. అడుగున ఎర్రటి బంకమన్ను, దానిమీద తెల్లటి బూడిద, మళ్లీ పైన మట్టి. ఆ బూడిదను వేళ్ల మధ్య నలిపితే పిండిలా మెత్తగా ఉంది, కానీ చివర్లో సన్నటి గరుకు తగిలింది. ఆ గరుకు గాజు రేణువులది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద ఇది. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరివచ్చి పడింది. వానలకు కొట్టుకొచ్చి ఈ లోయలో మేట వేసింది.

కింది పొర ముందుది, పై పొర తరువాతది. ఈ శాస్త్రంలో మొదటి పాఠం ఇదే. దాని బలం ఇక్కడ చూడాలి. పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్‌ల బృందం తవ్వితే బూడిద కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ఆ ఫలితాలు ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. రేడియోకార్బన్ పద్ధతి 50 వేల ఏళ్లకు మించి పెద్దగా పనిచేయదు. అందుకే ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో లెక్కగట్టే పద్ధతిని వాడారు. ఆ మట్టిని వెలుగు సోకకుండా గొట్టాల్లో తీసుకుపోవాలి. అంత పెద్ద విపత్తు తరువాత కూడా ఈ లోయలో మనుషులు మిగిలారన్నది ఆ బృందం చెప్పిన మాట. వాళ్లు మనవంటి మనుషులా, అంతకు ముందు జాతివాళ్లా అన్న వాదం తెగలేదు. పనిముట్లతోపాటు వాళ్ల ఎముకలు దొరకలేదు. దగ్గర్లోని మరో కొండచరియ కింద 35 వేల ఏళ్ల కిందటి నుంచి చేసిన చిన్న రాతి పలుకులు వరుసగా దొరికాయి. భారతదేశంలో ఇంత పాతవీ, ఇంత కాలం సాగినవీ అరుదు.

ఈ నేలను ముందు చూసినవాళ్లూ ఉన్నారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు తవ్వించాడు. 1930లో కమియాడ్, బర్కిట్ నల్లమల నందికనుమ ప్రాంతపు రాతి పనిముట్లను నాలుగు దశలుగా వరసపెట్టారు. కొత్తవాళ్లు పాతవాళ్ల నోట్సు చూసి, మిగిలిన మట్టిని మళ్లీ పరీక్షించగలుగుతున్నారంటే, ఆ పాతవాళ్లు ఏది ఎక్కడ దొరికిందో రాసిపెట్టారు గనుకే.

నాకు బాధ కలిగేది ఇక్కడే. టోబా బూడిదను పాత్రలు తోమే పొడి కోసం తవ్వి అమ్మారు. బతుకుదెరువు వెతుక్కున్న కూలీని తప్పుపట్టలేం. కానీ పొర ఒకసారి చెదిరితే దాన్ని తిరిగి పేర్చే విద్య ఎవరికీ లేదు. తవ్వకం అంటేనే నాశనం. శాస్త్రవేత్త దాన్ని గీసి, ఫొటో తీసి, కొలిచి, జల్లెడ పట్టి నాశనం చేస్తాడు గనుక మనకు జ్ఞానం మిగులుతుంది.

యాగంటికి ఏటా ఇంతమంది వస్తున్నారు. జ్వాలాపురం దారి చూపే బోర్డు ఒకటి, ఆ బూడిద గోడల్లో ఒకదానికైనా కంచె, నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు ఏడాదికొక క్షేత్ర పర్యటన ఉంటే చాలు, ఈ లోయ నిలుస్తుంది. పొలంలో చెక్కిన రాయి కనిపిస్తే జేబులో వేసుకోకండి. ఉన్నచోటే ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి, చోటు రాసుకుని పురావస్తు శాఖకు చెప్పండి. చోటు తెలియని రాయి మ్యూజియంలో అందంగా ఉంటుందేమో గానీ, 74 వేల ఏళ్ల కథలో సాక్ష్యం చెప్పలేదు.