పదిహేడు పుస్తకాలు... గాలి ఒకటే!

మా ఇంట్లో పెద్ద చేగోడీల డబ్బా ఒకటుంది. అందులో చేగోడీలు పోసి ఏళ్లయిందనుకోండి! ఉండేవన్నీ పాసు పుస్తకాలు, పాలసీ బాండ్లు, చీటీ రసీదులూను. 2023 జూన్‌లో ఓ మధ్యాహ్నం ఆ డబ్బా హాల్లో బోర్లించి లెక్కపెట్టాను. పదిహేడు తేలాయి. మా అత్తగారు గడప దగ్గర కూర్చుని చూస్తూ, "ఏటమ్మా, ఇన్ని పుస్తకాలున్నాయి గానీ డబ్బులేవీ?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ రోజు మాకు కావలసింది లక్షా పదివేలు. మా అబ్బాయికి ఇంజనీరింగులో సీటొచ్చింది. ఫీజు, హాస్టలు కలిపి పది రోజుల్లో కట్టాలి. నెలనెలా ఇంత దాస్తున్నాం కదా, ఏదో ఒకటి అక్కరకొస్తుందని ధీమాగా ఉన్నాం మేమిద్దరం.

అసలు ఇన్ని పుస్తకాలు ఎలా పోగయ్యాయో చెప్పాలి. నేను పుట్టింది ఉద్దానంలో. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా ఉండే నేల అది. పెళ్లయ్యాక విజయనగరం వచ్చేశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేనిక్కడే ఉన్నాను. ఫోన్లు కలవలేదు. రెండు రోజుల తర్వాత వెళ్లి చూస్తే నాన్న తోటలో నిలబడిన చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొబ్బరిచెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. నాన్నకి అప్పటికే అరవై ఎనిమిది. పడిపోయిన మాను మీద కూర్చుని, "అమ్మా, ఉన్నదంతా ఒక్కచోట పెట్టీకండి" అన్నారు.

ఆ మాట నాకు మంత్రమైపోయింది! ఎవరే స్కీము చెప్పినా, "సరే, ఇందులోనూ కొంచెం వేద్దాం" అనేదాన్ని. బీమా పాలసీలు నాలుగు (అందులో రెండు మొహమాటానికి కట్టినవే, ఏజెంటు మావారి స్నేహితుడు). మ్యూచువల్ ఫండ్లు నాలుగు. బ్యాంకు ఖాతాలు మూడు. పోస్టాఫీసులో ఆర్.డి.లు రెండు. అమ్మాయి పేర సుకన్య సమృద్ధి. ఒక చీటీ, ఒక బంగారం స్కీము, డ్వాక్రా సంఘంలో పొదుపు. నెలకి 7,800 రూపాయలు ఇలా చిల్లరచిల్లరగా పోయేది. మావారి జీతంలో అది నాలుగో వంతు. పప్పులూ నూనెలూ పిసినారిగా వాడి మిగిల్చిన డబ్బు.

తీరా అవసరమొచ్చేసరికి ఏం జరిగిందో వినండి. ఆర్.డి.లు మూడేళ్లు నిండితేగాని మధ్యలో తీయనివ్వరు, మావి రెండున్నరేళ్ల దగ్గరున్నాయి. (పన్నెండు నెలలు కట్టాక అందులో సగం దాకా అప్పు ఇస్తారట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది!) సుకన్య డబ్బు అమ్మాయి పదోతరగతి పాసవాలి, లేదా పద్దెనిమిదేళ్లు నిండాలి, అప్పుడు కూడా సగమే, అదీ చదువుకే. బంగారం స్కీములో నగ ఇస్తారు తప్ప నగదు ఇవ్వరు. చీటీ పాడుకోవాలంటే జామీను తెమ్మన్నారు. ఒకే ఒక్క ప్రీమియం కట్టిన పాలసీకి పైసా రాదన్నారు. మూడు బ్యాంకుల్లోనూ కలిపి పద్నాలుగు వేలు.

ఇక ఫండ్ల కథ వేరు. 2019 జనవరిలో నెలకి ఐదేసి వందల చొప్పున నాలుగింట్లో మొదలెట్టాను. 2020 మార్చి 23న కరోనా భయానికి సెన్సెక్స్ ఒక్క రోజులో 13 శాతం పడింది. నాలుగూ ఒకేసారి పడ్డాయి. కంగారుపడి ఆపేశాను. ఆ ఫండ్లకి జోడించిన బ్యాంకు ఖాతాలో తర్వాత ఎవరం వేలు పెట్టలేదు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుందట! దాన్ని లేపేదాకా ఫండ్ల డబ్బు వచ్చే దారి లేదు. ఇచ్చిన ఫోన్ నంబరు కూడా పాతదే.

చివరికి అత్తగారు మెడలోంచి గొలుసు తీసి ఇచ్చారు. తాకట్టు పెట్టాం. నూటికి నెలకి రూపాయి వడ్డీ, అంటే నెలకి 1,100. పద్నాలుగు నెలలు కట్టాం. కూడితే 15,400! ఆ పద్నాలుగు నెలలూ ఆవిడ పేరంటాలకి వెళ్లడం మానేశారు. మోకాళ్ల నొప్పులనేవారు. నేను నమ్మినట్టు నటించేదాన్ని.

ఆ దసరా సెలవులకి మా అబ్బాయి ఇంటికొచ్చి ఫండ్ల కాగితాలు ముందేసుకున్నాడు. "అమ్మా, ఇవి నాలుగనుకుంటున్నావా? మూడైతే ఒకటే" అన్నాడు. ఆ మూడూ లార్జ్‌క్యాప్ ఫండ్లట. సెబీ 2017లో పెట్టిన నియమం ప్రకారం అలాంటి ఫండు తన డబ్బులో కనీసం 80 శాతం దేశంలోని మొదటి 100 పెద్ద కంపెనీల్లోనే పెట్టాలి. జాబితాలు పక్కపక్కన పెట్టి చూపించాడు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, ఐసీఐసీఐ బ్యాంకు, రిలయన్స్, ఇన్ఫోసిస్... మూడింట్లోనూ పైన అవే పేర్లు! ఒకే పప్పు మూడు గిన్నెల్లో వడ్డించుకుని మూడు కూరలు తిన్నాననుకున్నానన్నమాట.

నాన్నకి ఫోన్ చేసి ఇదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదాయన. తర్వాత, "నేనూ అలగే అనుకున్నానమ్మా. కొబ్బరి పోయినా జీడుంటాదనుకున్నాను. రెండు పంటలు గానీ గాలి ఒకటే కదా, ఒక్కపాలే తీసుకుపోయింది" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఐదేళ్లుగా నేను నాన్న మాటని తప్పుగా పట్టుకున్నాను. చూసుకోవలసింది ఎన్ని పుస్తకాలున్నాయని కాదు, ఏ గాలికి ఏది పడుతుందని. షేరు మార్కెట్టు పడితే నాలుగు ఫండ్లూ పడతాయి, కాబట్టి ఒకటి చాలు. ఆ గాలి పోస్టాఫీసు ఆర్.డి.ని తాకదు, అది వేరేగా ఉండాలి. బ్యాంకుల్లోనైతే 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్‌కి బీమా ఉంది. అంతకి మించి ఉన్నవాళ్లు రెండు బ్యాంకుల్లో పెట్టుకున్నారంటే అర్థముంది, పద్నాలుగు వేలకి మూడు బ్యాంకులెందుకు చెప్పండి?

మావారు ఒప్పుకోవడానికి మాత్రం నెల పట్టింది. "మళ్లీ ఒక్కచోటికే తెస్తావా? మీ నాన్న తోట మరిచిపోయావా?" అని ఒకటే గొడవ. నేను పెరట్లో ఆనపపాదు చూపించాను. గుంటలో నాలుగు గింజలు పెడతాం, మొలిచాక బలంగా ఉన్న రెండుంచి తక్కినవి పీకేస్తాం. నాలుగూ ఉంచితే ఆకులే తప్ప కాయ కాయదు. "పీకేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుందోయ్" అన్నారాయన. అదే కదా మరి!

పాలసీల దగ్గర ఆయన నోరు మూతపడింది. నాలుగూ కలిపి నెలకి 2,600 కడుతున్నాం కదా, రేపు ఆయనకేదైనా అయితే మా చేతికొచ్చేది ఎంతని కూడాను. నాలుగున్నర లక్షలు! పిల్లాడి చదువు కూడా పూర్తికాదు. ఒక పాలసీ వదిలేశాం, కట్టిన ప్రీమియం పోయింది. రెండింటికి కట్టడం ఆపి పెయిడప్ చేయించాం. ఒకటి ఉంచాం. ఆయన పేర టర్మ్ పాలసీ ఒకటి విడిగా తీసుకున్నాం. దాంట్లో బతికుంటే తిరిగి ఏమీ రాదు, అందుకే నెలకి తక్కువలో పెద్ద మొత్తానికి రక్షణ దొరికింది. "పోయిన డబ్బే కదా" అని సణిగారనుకోండి.

బ్యాంకు ఖాతా లేపించడానికే నాలుగుసార్లు తిరిగాం. మూడు ఫండ్లు అమ్మేశాం. నేను భయపడి ఆపేసిన ఆ డబ్బు నాలుగేళ్లలో రెట్టింపు దాటింది! ఆపకపోయి ఉంటే... సరే, పోనివ్వండి. 2024 ఆగస్టులో చీటీ ముగిసింది, మూడేళ్లు దాటిన ఆర్.డి. ఒకటి తక్కువ వడ్డీకే మూసేశాం. అన్నీ కలిపి గొలుసు విడిపించాం.

ఇప్పుడు నెలనెలా చూసుకోవలసినవి ఏడే. టర్మ్ పాలసీ, పాత పాలసీ, ఒక ఫండు, ఒక ఆర్.డి., సుకన్య, సంఘం పొదుపు, ఒక బ్యాంకు. ఆ బ్యాంకులోనే మూడు నెలల ఇంటిఖర్చు డిపాజిట్‌గా ఉంచాం. దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు విరగ్గొట్టుకోవచ్చు, వడ్డీ కొంచెం తగ్గుతుందంతే. ఏది ఎక్కడుందో మా అమ్మాయిని అడిగినా చెబుతుంది.

గొలుసు తెచ్చిన రోజు అత్తగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసుకున్నారు. మెళ్లో వేసుకుని, మాటా పలుకూ లేకుండా లోపలికి వెళ్లిపోయారు. ఆ శుక్రవారం పేరంటానికి అందరికంటే ముందు ఆవిడే తయారు! మోకాళ్ల సంగతి ఎత్తలేదు.

పని మొత్తం అయిపోయిందని కాదు. ఆ మూడింట్లో ఒక ఖాతా ఇంకా మూయలేదు. అందులో నామినీగా మా మామగారి పేరుందట, ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. వచ్చే సోమవారం మావారు సెలవు పెడతానన్నారు. ఆ పుస్తకం ఒక్కటీ డబ్బాలోంచి తీసి దేవుడి గూట్లో పెట్టాను, మరిచిపోకుండా.