రెండు కిలోల లోపు

జూన్ 18, 2025

విదేశాలకి అమ్మడానికి ఏటికొప్పాక నుంచి వచ్చిన లక్కపిడతల సెట్టు తూచాను. పొయ్యి, కుండలు, తిరగలి, రోలు, బిందె, అట్టపెట్టె అన్నీ కలిపి 900 గ్రాములు. పెట్టె కొలతలు 30, 25, 20 సెంటీమీటర్లు. ప్రైవేటు కొరియర్లు మామూలుగా ఈ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తాయి. అలా చూస్తే ఇది 3 కిలోల పార్శిలు. బొమ్మల్లాంటి తేలికపాటి సరుకుకి ఈ లెక్కతో ఖర్చు బాగా పెరుగుతుంది.

తపాలాలో చిన్న ప్యాకెట్టుకి అసలు బరువే లెక్క. హద్దులు మాత్రం గట్టివి: 2 కిలోలు మించకూడదు, మూడు కొలతలూ కలిపి 90 సెంటీమీటర్లు దాటకూడదు, ఏ ఒక్క పక్కా 60 దాటకూడదు. ఈ పెట్టె అన్నిట్లోనూ ఇముడుతుంది.

జూన్ 27

ఏటికొప్పాక వెళ్లాను. వరాహ నదిలో నీళ్లు ఇంకా పలచగానే ఉన్నాయి. కుంకుమ భరిణెల గోడ కాస్త సన్నంగా చెక్కితే బరువు తగ్గుతుంది కదా అని, వాటిని చేసే పెద్దాయన్ని అడిగాను. ఆయన భరిణె మూత తీసి నా చేతిలో పెట్టారు. "అంకుడు కర్ర మెత్తనిదే గానీ, మరీ పలచన చేస్తే లక్క పట్టించేటప్పుడు ఆ వేడికి చీలిపోద్దమ్మా. బరువు తగ్గాలంటే పెట్టె మార్చు, భరిణె మార్చకు" అన్నారు.

ఆయన మాటే ఖాయం చేసుకున్నాను. తపాలా ఖర్చుకి తగ్గట్టు అట్టా, కాగితం, సర్దే తీరూ మారొచ్చు. పనివాడి చేతి కొలత మారకూడదు.

జూలై 4

సాయానికి వచ్చే మా పిన్ని కూతురు ట్రాకింగ్ నంబరు మీద పట్టు సాధించింది. ముందు రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. అక్షరాల్లో మొదటిది ఇ అయితే స్పీడ్ పోస్టు వర్గం, సి అయితే పార్శిలు. తొమ్మిదో అంకె మిగతా ఎనిమిదికీ కాపలా. వాటిని వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి, కూడి, 11తో భాగించి, మిగిలిన శేషాన్ని 11 లోంచి తీసేస్తే అది రావాలి. 10 వస్తే 0 అని, 11 వస్తే 5 అని రాస్తారు. ఎవరైనా ఒక అంకె తప్పుగా టైపు చేస్తే దాదాపు ఎప్పుడూ లెక్క పొసగదు.

"ఇది అన్ని దేశాల్లోనూ ఒకటేనా అక్కా?" అంది. ఒకటేనే. చిలీలో స్కాను చేసినా, జపాన్‌లో స్కాను చేసినా ఇదే చదువుతారు.

జూలై 15

ఆస్ట్రేలియాకి బొంగరాలు. చెక్క వస్తువుకి బెరడు అంటి ఉన్నా, పురుగు తొలిచిన రంధ్రం ఉన్నా అక్కడి తనిఖీలో ఆగిపోతుంది. వరిగడ్డి చుట్టి పంపడం అసలే కుదరదు. ఒక్కో బొంగరాన్నీ వెలుతురులో తిప్పి చూసి పాత కాగితంలో చుట్టాం. సేవ ఎంచుకునే ముందు చేయాల్సిన పని ఇదే. ఎంత ఖరీదైన కొరియరైనా పురుగున్న చెక్కని సరిహద్దు దాటించలేదు.

జూలై 22

న్యూజెర్సీ నుంచి ఒకావిడ ఎంతో ఆప్యాయంగా అడిగారు: "బొమ్మలతో పాటు చిన్న సీసాడు ఆవకాయ పెట్టగలరా?" పెట్టలేనండీ అని చెప్పాను. తిండి వస్తువుకి అమెరికాలో వేరే నిబంధనలు, వేరే ముందస్తు నోటీసు. పైగా నూనె కారిందంటే అదే సంచిలో ఉన్న వేరొకరి సామాను కూడా పాడవుతుంది. మన పెట్టె ఒంటరిగా ప్రయాణం చేయదు.

ఆగస్టు 1

అమెరికా ఉత్తర్వు చదివాను. 800 డాలర్ల లోపు సరుకుకి సుంకం లేకుండా 2016 నుంచి నడుస్తున్న వెసులుబాటు ఈ నెల 29 నుంచి అన్ని దేశాలకీ ఆగిపోతుంది. నాలాంటి చిన్న అమ్మకందార్లు నిలబడ్డదే ఆ వెసులుబాటు మీద.

ఆగస్టు 6

డల్లాస్ కుర్రవాడు రాశాడు: "గిఫ్ట్ అని రాసి, పది డాలర్లు వేయండి ఆంటీ. అందరూ అలాగే చేస్తారు." పెట్టె మీద అంటించే సీఎన్ 22 చీటీలో సరుకు పేరు, బరువు, విలువ రాసి కింద సంతకం పెట్టేది నేను. పార్శిలు పోతే పరిహారం అడగ్గలిగేదీ నేను రాసిన ఆ విలువకే. అన్నిటికీ మించి, పెద్దాయన చేసిన పనికి పది డాలర్లని నా చేత్తో రాయలేను. డబ్బు వెనక్కి ఇస్తానన్నాను. వద్దని, అసలు విలువే వేయమన్నాడు.

ఆగస్టు 12

మ్యూనిక్ నుంచి ఒకమ్మాయి లక్కపిడతలు కావాలంది. యూరప్ కూటమిలో పిల్లల బొమ్మలకి సీఈ గుర్తు తప్పనిసరి. 2024 డిసెంబరు 13 నుంచి అమ్మే వస్తువులకి ఆ కూటమిలోనే ఒక బాధ్యుడి పేరు, చిరునామా కూడా చూపించాలి. నాకు ఆ రెండూ లేవు. తపాలా వాళ్లు తీసుకోవచ్చు, పెట్టె చేరనూవచ్చు. అయినా అమ్మనని చెప్పి, కారణం వివరంగా రాశాను.

ఆగస్టు 23

మన తపాలా శాఖ ప్రకటన: 25 నుంచి అమెరికాకి సరుకు బుకింగు బంద్. ఉత్తరాలు, 100 డాలర్ల లోపు కానుకలు మాత్రం తీసుకుంటారు. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా జమ కట్టాలి అన్నది తేలక, మోసుకెళ్లే విమాన సంస్థలు పార్శిళ్లు తీసుకోలేమన్నాయి.

ఆగస్టు 31

ఉత్తరాలు, కానుకలు కూడా ఆగిపోయాయి. వినాయక చవితి వెళ్లింది, దసరా దగ్గరికొస్తోంది. కొలువుకని అమెరికా వాళ్లు అడిగిన బొమ్మలు ఇక్కడ బల్ల మీద వరసగా ఉన్నాయి. కౌంటరు దగ్గర గుమస్తా గారు నాకంటే ఎక్కువ బాధపడ్డారు. "మా చేతిలో లేదమ్మా" అన్నారు. నిజంగానే లేదు.

సెప్టెంబరు 5

కొన్న ప్రతివారికీ విడివిడిగా రాశాను. మూడు దారులు: డబ్బు వాపసు, తపాలా తెరిచేదాకా ఆగడం, లేదా కొరియరు. కొరియరులో పంపితే చార్జీ ఎంత, సుంకం సుమారుగా ఎంత, అది ఎవరు కట్టాలి అన్నది ఒక్కొక్క గీత మీద వేసి చూపించాను. భారతదేశపు సరుకు మీద ఇప్పుడు అమెరికాలో అదనపు సుంకమే 50 శాతం. కొందరు వాపసు తీసుకున్నారు. ఎక్కువమంది ఆగుతామన్నారు. ఒకావిడ, "ఎంతవుతుందో ముందే చెప్పారు, అది చాలు" అని రాశారు.

ఈ వ్యాపారంలో నాకు కావలసింది సరిగ్గా ఆ నమ్మకమే.

సెప్టెంబరు 14

మంగళగిరి చీరలు పంపే స్నేహితురాలి ఫోను. ఇంగ్లండులో ఒకరికి పంపిన చీర ఇంటి గుమ్మం దాకా వెళ్లింది. పన్ను, దాని మీద వసూలు రుసుము కడితేనే ఇస్తామన్నారట. ఆవిడ కట్టనంది, చీర తిరుగు ప్రయాణంలో ఉంది. అక్కడ 2021 జనవరి 1 నుంచి 135 పౌండ్ల లోపు సరుకుకి పన్ను అమ్మకం దగ్గరే వసూలు కావాలి. పెద్ద అమ్మకపు వేదికల మీద అమ్మితే వాళ్లే పట్టుకుని కడతారు. సొంత వెబ్‌సైటులో నేరుగా అమ్మినప్పుడు ఆ బాధ్యత మనదే. స్నేహితురాలికి ఇదంతా ఎవరూ చెప్పలేదు.

రాత్రి చాలాసేపు దీని గురించే ఆలోచించాను. సేవను ఎంచుకునేటప్పుడు మనం ధర చూస్తాం, రోజులు చూస్తాం, ట్రాకింగ్ ఉందా అని చూస్తాం. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆఖరి గుమ్మం. అక్కడ నిలబడ్డ మనిషిని ఎవరైనా ఇంకేమైనా డబ్బు అడుగుతారా? అడిగే పనైతే ఆ సంగతి కొనకముందే వాళ్లకి తెలియాలి. ఇది తేలాకే మిగతావి.

సెప్టెంబరు 21

సింగపూర్‌కి ట్రాక్డ్ ప్యాకెట్టు, కెనడాకి స్పీడ్ పోస్టు. ట్రాక్డ్ చవక, కానీ అన్ని దేశాలకీ లేదు. స్పీడ్ పోస్టుకి చార్జీ ఎక్కువ, తొందరగా చేరుతుంది. పుట్టినరోజుకి అందాల్సినదైతే రెండోది, తీరిగ్గా చేరినా ఫరవాలేదంటే మొదటిది. అందుకే ఇప్పుడు ఆర్డరు తీసుకునేటప్పుడే, "ఏ రోజుకి కావాలండీ?" అని అడుగుతున్నాను.

అక్టోబరు 9

ప్రపంచ తపాలా దినం. 1874లో ఇదే రోజున బెర్న్‌లో 22 దేశాలు తపాలా సమాఖ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మన దేశం 1876లో చేరింది. సభ్య దేశాలన్నీ కలిపి ఒకే తపాలా భూభాగం అన్నది ఆనాటి ఊహ. మొదట్లో ఎవరు వసూలు చేసిన టికెట్టు డబ్బు వాళ్లదే. చేరవేసే దేశానికి ఖర్చు ఇవ్వాలన్న పద్ధతి 1969 టోక్యో మహాసభ తెచ్చింది. ఆ ఖర్చు చాలడం లేదని అమెరికా బయటికి పోతాననడంతో 2019లో జెనీవాలో సర్దుబాటు చేశారు.

మన కౌంటరు దగ్గర కట్టే ప్రతి రూపాయిలో ఆ బేరసారాల భాగం ఉంది. అయినా చిన్న ఊళ్లోని పోస్టాఫీసు నుంచి తెలియని దేశంలోని తెలియని వీధికి పెట్టె చేరుతోందంటే, దేశాలు ఒకరి మాట ఒకరు నిలబెట్టుకుంటేనే. ఈ నెలన్నరలో ఆ విలువ బాగా తెలిసింది.

అక్టోబరు 15

తెరిచారు! ఇవాళ్టి నుంచి అమెరికాకి మళ్లీ అన్ని తరగతుల బుకింగూ. సుంకం ఇక్కడే, బుకింగు వేళే కట్టేయాలి: రాసిన విలువ మీద 50 శాతం. 40 డాలర్ల భరిణెకి 20 డాలర్లు. తపాలా చార్జీ పెంచలేదు, సుంకం కట్టించే సేవకి వేరే రుసుమూ లేదు. భారం భారమే. కానీ అంకె ముందే తెలుస్తోంది, అక్కడ గుమ్మం దగ్గర ఎవరూ చెయ్యి చాచరు. ఆగుతామన్న వాళ్లందరికీ కొత్త మొత్తం రాసి పంపాను. దసరా దాటింది గానీ, సంక్రాంతి కొలువుకి అందుతాయి.

అక్టోబరు 18

పెద్దాయన కోడలు వచ్చింది. సొంతంగా పంపడం నేర్చుకుంటానంది. ఎగుమతిదారు కోడ్‌కి దరఖాస్తు ఆన్‌లైన్లో చేయించాను. రుసుము 500 రూపాయలు, వచ్చే నంబరు పాన్ నంబరే. తరువాత తపాలా ఎగుమతుల కోసం డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం ఖాతా తెరిచి, ఎగుమతి పత్రం ఎలా నింపాలో చూపించాను. సరుకు పేరు, దాని వర్గపు కోడు, విలువ, బరువు. ప్రతి గడిలో నిజమే రాయాలమ్మా అన్నాను.

తను అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని, చివర తనంతట తానే ఒక ప్రశ్న చేర్చింది: "అక్కడ అందుకునేవాళ్లు ఇంకా ఏమైనా కట్టాలా?" చెప్పకుండానే అసలు సంగతి పట్టుకుంది. దాని పక్కన ఒక్కో దేశానికీ జవాబు రాయడం మొదలుపెట్టాం. ముందు సింగపూర్, తరువాత ఆస్ట్రేలియా. సోమవారం దీపావళి కాబట్టి, కెనడా నుంచి మంగళవారం.