కోడ్ కారణం కాదు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మా ఉస్తాద్‌లు ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లు. 2013లో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 వచ్చింది. 2020లో బీఎస్-6 వచ్చాక చెవి ఒక్కటే చాలడంలేదు. ఇప్పుడు మా కుర్రాళ్లని తొలిచే ప్రశ్న: స్కానర్ చిన్నది కొనాలా, పెద్దది కొనాలా?

చిన్నది ఇంజన్ కోడ్ చదువుతుంది, లైటు ఆర్పుతుంది. సొంత కారుకు చాలు. షెడ్డు నడిపేవాడికి చాలదు. పెద్దది ఏబీఎస్, ఎయిర్‌బ్యాగుల దాకా పోతుంది. ఫ్యానునో పంపునో తిప్పించి చూపిస్తుంది. అది లేకపోతే పని షోరూమ్‌కి పోతుంది. కొందామంటే మాకు అప్పు పుట్టాలి కదా!

ఏ డబ్బా అయినా కోడే చెబుతుంది, కారణం చెప్పదు. పి0171 అంటే పెట్రోలుకు మించి గాలి. గొట్టం చిట్లిందో, పంపు నీరసించిందో మనిషే వెతకాలి. కోడ్ చూడగానే సెన్సార్ మార్చేసేవాడు మెకానిక్ కాడు.

మా పేర్లూ కోడ్‌లే అయిపోయాయి. అద్దె ఇంటికెళ్తే పేరు అడుగుతారు. చెప్పగానే తలుపు మూస్తారు. ఈ ఊరి ఓడరేవు సరుకునీ, ఉక్కునీ మోసే లారీల కింద పడుకుని నల్లబడ్డ చేతులు మావి. పేరు దగ్గరే ఆగిపోకండి భాయ్. బానెట్ ఎత్తి చూడండి.