సౌత్‌ఫోర్క్‌లో బాబీ కోసం...

"బాబీ స్నానం చేసిన గది ఏదండీ?"

మా గుంపులోని ఓ పెద్దావిడ అడిగేసింది. గైడు నవ్వాడు. ఆ ప్రశ్న అతనికి కొత్త కాదు లెండి!

డాలస్ నగరానికి ఉత్తరాన సుమారు పాతిక మైళ్లు పోతే పార్కర్ అనే ఊరు. తెల్ల కంచె, తెల్ల స్తంభాల మేడ... అదే సౌత్‌ఫోర్క్ రాంచ్. 1978 నుంచి 1991 దాకా 357 భాగాలు నడిచిన 'డాలస్' సీరియల్లో యూయింగ్ కుటుంబం కాపురమున్న ఇల్లు. చమురు డబ్బు, అన్నదమ్ముల పోరు. అన్న జె.ఆర్. (లారీ హాగ్‌మన్) జగజ్జంత్రీ, తమ్ముడు బాబీ (పాట్రిక్ డఫీ) బంగారు కొండ. మన జమీందారీ సినిమాలు చూసినవాళ్లకి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

మేడ చూడగానే "ఇంతేనా?" అనిపించింది. తెరమీద రాజప్రాసాదం, ఎదురుగా చూస్తే కాస్త కలిగిన రైతు ఇల్లు. ఈతకొలను మరీ చిన్నది. నాలుగు బారలు వేస్తే అవతలి గట్టు! అంతా కెమెరా మహిమ. 1970లో ఓ కుటుంబం ఉండటానికి కట్టుకున్న ఇల్లు ఇది. అన్నట్టు, మొట్టమొదటి 5 భాగాలూ ఇక్కడ తీసినవి కావు. ఫ్రిస్కోలో మరో రాంచ్‌లో తీశారు. ఆ ఇల్లు 1987లో కాలిపోయింది. ఇవాళ ఆ ఫ్రిస్కోలో తెలుగు మాట వినపడని బజారు లేదు, హనుమంతుడి గుడి కూడా వెలిసింది.

సౌత్‌ఫోర్క్‌ని జనానికి తెరిచింది 1985లో. సరిగ్గా ఆ ఏడాది మే నెలలోనే బాబీ చచ్చిపోయాడు! డఫీ సీరియల్ వదిలి వెళ్తానన్నాడు. దాంతో పామ్ మీదికి దూసుకొచ్చిన కారుకి బాబీ అడ్డం పడి ప్రాణం వదిలాడు. ఆస్పత్రిలో ఇంటిల్లిపాదీ ఏడ్చారు, ప్రేక్షకులూ ఏడ్చారు. తర్వాతి ఏడాది సీరియల్ చప్పబడింది. తమ్ముడు లేని అన్న ఎవరితో పోట్లాడతాడు చెప్పండి? డఫీని తిరిగి రమ్మని పట్టుబట్టినవాళ్లలో ముందున్నది హాగ్‌మనే.

మన నిర్మాతైతే చటుక్కున కవల సోదరుణ్ణి దింపేవాడు. వాళ్లు అంతకన్నా ఘనులు! 1986 మే నెలలో పామ్ (విక్టోరియా ప్రిన్సిపల్) నిద్రలేచి స్నానాలగది తలుపు తీసింది. లోపల బాబీ! గుట్టు బయటపడకుండా ఆ ముక్కని సబ్బు ప్రకటన అని చెప్పి తీశారట. సంగతేమిటో తెలియడానికి జనం సెప్టెంబరు దాకా కాచుకున్నారు. తీరా తేల్చిందేమిటి? జరిగిందంతా పామ్ కన్న కల! మనవాళ్లు కలలో ఓ డ్యూయెట్ పెడతారు, వీళ్లు ఏకంగా 31 భాగాలు పెట్టారు. ఆ ఏడాది జరిగిన పెళ్లిళ్లూ చావులూ అన్నీ గాల్లో కలిసిపోయాయి. ఇంకో తమాషా... ఈ కుటుంబంలోని మరో తమ్ముడి కథతో నడిచిన 'నాట్స్ లాండింగ్' సీరియల్లో మాత్రం బాబీ చచ్చినవాడు చచ్చినట్టే ఉండిపోయాడు!

ఇది మోసమే అంటాను నేను. ఏడాదిపాటు శ్రద్ధగా చూసినవాణ్ణి వెర్రివాణ్ణి చేయడమే. కానీ బాబీ కనిపించినప్పుడు కలిగే ఆ సంబరం అబద్ధమా? పెద్దావిడ మొహం చూశాక ఆ మాట అనలేకపోయాను.

గైడు జవాబు చెప్పాడు. ఆ గది ఇక్కడ లేదు. లోపలి దృశ్యాలు చాలామటుకు కాలిఫోర్నియా స్టూడియో సెట్లలో తీసినవి. పైగా కథ ప్రకారం ఆ స్నానాలగది పామ్ ఇంట్లోది, సౌత్‌ఫోర్క్‌ది కానేకాదు. ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకుంది. తర్వాత జె.ఆర్.ని కాల్చిన పిస్తోలు పెట్టిన గాజుపెట్టె దగ్గర తేరుకుంది.

2012లో సీరియల్ మళ్లీ మొదలైనప్పుడు తలనెరిసిన డఫీ, హాగ్‌మన్ ఇద్దరూ ఈ ఇంటికే తిరిగొచ్చారు. ఆ నవంబరులో హాగ్‌మన్ నిజంగానే కన్నుమూశాడు. 2013లో జె.ఆర్.కి తెరమీద అంత్యక్రియలు చేశారు. దాన్ని కల అనడానికి ఈసారి ఎవరికీ వీల్లేకపోయింది.