చాదర్‌ఘాట్ దాటితే... నిప్పుల గాలి!

చాదర్‌ఘాట్ వంతెన మీద సాయంత్రం ట్రాఫిక్ సంగతి హైదరాబాదీలకు కొత్తగా చెప్పక్కర్లేదు. కింద మూసీ, పైన కదలని బస్సులు. అవతలి ఒడ్డుకు చేరడానికి పదకొండు నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. అదే పదకొండు నిమిషాల్లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ చేరిపోయేంత వేగం అందుకున్న వాహనం పుట్టింది ఈ దారిలోనే!

వంతెన దాటి మలక్‌పేట, సైదాబాద్, సంతోష్‌నగర్‌ల మీదుగా వెళ్తే కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్. 2020 సెప్టెంబరు 7న వీళ్ల స్క్రామ్‌జెట్ వాహనం ధ్వనికి ఆరు రెట్లు, అంటే సెకనుకు దాదాపు రెండు కిలోమీటర్ల వేగంతో 20 సెకన్లకు పైగా దూసుకెళ్లింది. ఆ డిసెంబరులోనే ఇక్కడి అబ్దుల్ కలాం మిసైల్ కాంప్లెక్స్‌లో హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ మొదలైంది. వాహనం నమూనాను కదలకుండా నిలబెట్టి, దాని మీదికి మాక్ 5 నుంచి 12 దాకా వేగంతో గాలిని వదులుతారందులో.

గాలితో అంత పనేంటంటారా? సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున వేడెక్కడం చూసే ఉంటారు. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే నౌక సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో వాతావరణంలోకి దిగుతుంది. ముందున్న గాలి తప్పుకునే వీల్లేక నలిగిపోయి వేల డిగ్రీలకు వేడెక్కుతుంది. అణువులు చీలి, ఎలక్ట్రాన్లు విడిపోతాయి. అదే ప్లాస్మా. వెలిగే ట్యూబ్‌లైటులో ఉండేదీ అదే. ఈ పొర రేడియో తరంగాలను అడ్డుకోవడంతో కొన్ని నిమిషాలు నౌకతో మాటలు బంద్. హైదరాబాద్ మూలాలున్న వ్యోమగామి రాజాచారి 2022 మేలో ఆ మౌనం దాటే భూమికి చేరారు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా చేరలేకపోయారు. కొలంబియా ఎడమ రెక్కకు పడిన చిల్లులోంచి ఆ వేడి చొరబడి ఏడుగురినీ బలితీసుకుంది.

అందుకే ఆ నిప్పును ముందే నేల మీద పుట్టించి చూస్తారు. విండ్ టన్నెల్ వేగాన్నిస్తుంది కానీ అంత వేడినివ్వదు. దానికి ప్లాస్మా టన్నెల్ కావాలి. వెల్డింగ్‌లో మెరిసే ఆర్క్ లాంటిదే, చాలా పెద్దది పుట్టించి, దాని గుండా పంపిన గాలిని ఉష్ణకవచం ముక్క మీదికి వదులుతారు. ఇస్రోకు తిరువనంతపురంలో అలాంటిది ఉంది. ఇటలీలోని కపువాలో ఉన్న షిరోకోది 70 మెగావాట్ల సామర్థ్యం. వేగం ఒకచోట, వేడి మరోచోట... ఆకాశంలో ఒక్కసారే ఎదురయ్యే పరీక్షను నేల మీద ఇలా విడివిడిగా రాయాల్సిందే!

కంచన్‌బాగ్ గేటు దాటి మనల్ని రానివ్వరు. కానీ నాంపల్లికి దగ్గర్లో, నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌లో 2019లో స్పేస్ మ్యూజియం పెట్టారు. వీలుచూసుకుని ఓ ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లండి. రాకెట్ ఎలా పైకెళ్తుందని వాళ్లే అడుగుతారు. ఎలా తిరిగొస్తారో మాత్రం మీరు చెప్పండి.