జెట్ మార్చింది నేను... మాట పడబోయింది జిప్సీ

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే రోడ్డు మీద వస్తుంది మా జూలూరుపాడు. డిసెంబరులో ఆ దారిన వెళ్తే పత్తి లోడు ట్రాక్టర్ల వెనక చాలాసేపు మెల్లగా పోవాల్సిందే. మా ఇంటి ముందు వేపచెట్టు కింద 1997 మోడల్ జిప్సీ ఉంటుంది. నేను స్కూలుకు వెళ్లింది అందులోనే, నాన్న పొలానికి వెళ్లేదీ అందులోనే.

జిప్సీ మన దేశంలో మొదట వచ్చింది 1985లో, చిన్న 970 సీసీ ఇంజిన్‌తో. 1996లో 1300 సీసీ ఇంజిన్ వచ్చింది. 2000లో ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టారు. మాది మధ్యలోది, అంటే కార్బురేటర్ బండి.

మొన్న సెలవులకు ఇంటికెళ్తే నాన్న ఒక షరతు పెట్టాడు. "కొత్తగూడెం నుంచి ఒకాయన అడుగుతున్నాడ్రా. లంబసింగి దాకా పోయొద్దాం. దారిలో ఎక్కడా ఆగకపోతే ఉంచుకుందాం. ఆగిందంటే అమ్మేద్దాం."

సరే అన్నా. ఆ రాత్రే ఫోన్‌లో వీడియోలు మొదలుపెట్టా.

విషయం సింపుల్‌గా చెప్తా. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. 1000 మీటర్ల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 9 శాతం తక్కువ. కొత్త బండ్లలో సెన్సర్ చూసి, కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. లోపల జెట్ అని ఇత్తడి ముక్క ఉంటుంది, దానికో సన్నటి రంధ్రం. పెట్రోలు కొలత అదే. మా భాషలో చెప్పాలంటే హార్డ్‌కోడ్ చేసిన వాల్యూ. కొండెక్కితే గాలి తగ్గుతుంది, పెట్రోలు మాత్రం అంత తగ్గదు. మిశ్రమం 'రిచ్' అవుతుంది, ఇంజిన్ బరువుగా లాగుతుంది. మందు? చిన్న జెట్ వేయడం, స్పార్క్ టైమింగ్ కాస్త ముందుకు జరపడం.

మా ఊరి మెకానిక్ బాబాయ్‌కి చెప్తే నవ్వాడు. "నువ్వు పోయేది లడఖ్ కాదు కదయ్యా! ఎయిర్ ఫిల్టర్ మార్చు, ప్లగ్గులు శుభ్రం చేసుకో. జెట్ జోలికి పోకు."

నేను విన్లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న జెట్ రాత్రికి రాత్రే బిగించేశా. డిస్ట్రిబ్యూటర్ పాత చోటు దగ్గర మార్కర్‌తో గీత గీసి, టైమింగ్ కూడా జరిపా. నాన్నకి చెప్పలేదు.

తెల్లారి బయల్దేరాం. పాల్వంచ దాటేసరికే యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం తడబడి అందుకుంటోంది. కొండెక్కితే సర్దుకుంటుందిలే అనుకున్నా. భద్రాచలం దగ్గర గోదావరి దాటాం, చింతూరులో టిఫిన్ చేశాం, మోతుగూడెం వైపు తిరిగాం. పొల్లూరు దాటాక ఘాట్ మొదలైంది. ఫోన్‌లో సిగ్నల్ పోయింది.

మూడో మలుపులో ఇంజిన్ లోపల ఎవరో గోళీలు పోసి కుదిపినట్టు టకటకా మోత. నాకింగ్! టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది. వెనక లోడు లారీ హారన్. చేసేదేంలేక పక్కకు తీసి ఆపేశా.

నాన్న దిగి బానెట్ మీద చెయ్యి పెట్టి తీసేశాడు. "ఇంక దీనికి ఓపిక లేదురా" అన్నాడు మెల్లగా.

అప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే నేరం జిప్సీదయ్యేది. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. "నాన్నా, తప్పు బండిది కాదు, నాది" అని జరిగిందంతా చెప్పేశా.

ఇంజిన్ చల్లారాక ఒక ప్లగ్గు విప్పి చూస్తే చివర తెల్లగా సున్నం కొట్టినట్టుంది. పెట్రోలు చాలక లోపల కాలిపోతోందన్నమాట. అలాగే తోలుంటే వాల్వులో, పిస్టనో పోయేవి. నాన్న టార్చ్ పట్టుకున్నాడు. నేను కార్బురేటర్ పైకప్పు విప్పి పాత జెట్ వేశా, డిస్ట్రిబ్యూటర్‌ని గీత దగ్గరికి తెచ్చా. రెండు గంటలు పట్టింది. తర్వాత డొంకరాయి, సీలేరు, చింతపల్లి మీదుగా రాత్రికి లంబసింగి చేరేదాకా బండి కిక్కురుమనలేదు.

నా లెక్కలో తప్పెక్కడుందో ఆ రాత్రి టెంటులో అర్థమైంది. జెట్ రంధ్రం వ్యాసం 7 శాతం తగ్గించానని అనుకున్నా. కానీ పెట్రోలు పారేది వైశాల్యాన్ని బట్టి. వ్యాసం 7 శాతం తగ్గితే వైశాల్యం దాదాపు 14 శాతం తగ్గుతుంది. 1000 మీటర్ల ఎత్తులో మిశ్రమం రిచ్ అయ్యేదేమో 4, 5 శాతమే. పైగా ఆ జెట్‌తో ఎండలో, మైదానంలో సగం రోజు తోలా. ఇంజినీరింగ్ చదివి చేసిన తప్పిది!

ఇంకో తమాషా. గాలి పలచబడేది ఎత్తు వల్లే కాదు, వేడి వల్ల కూడా. 5 డిగ్రీల చలిలో లంబసింగి తెల్లవారుజాము గాలి, 32 డిగ్రీల ఎండలో మా ఊరి మధ్యాహ్నం గాలి... లెక్కేస్తే రెండిటి సాంద్రతా దాదాపు ఒకటే! పొద్దున బండికి కావాల్సింది చోక్ ఒక్కటే. లాగి స్టార్ట్ చేశా, వెంటనే అందుకుంది. మధ్యాహ్నం ఎండెక్కాక ఐడ్లింగ్ కాస్త ముద్దగా అనిపిస్తే మిక్చర్ స్క్రూ పావు చుట్టు లోపలికి తిప్పా. అంతే. మెకానిక్ బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం.

పాత బండితో కొండెక్కే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాలుగు మాటలు. ముందు ఫిల్టర్, ప్లగ్గులు, రేడియేటర్ నీళ్లు చూసుకోండి. వెయ్యి మీటర్లకు జెట్ మార్చొద్దు. ఖర్దుంగ్ లా లాంటి 5359 మీటర్ల చోటుకి వెళ్తే అది వేరే కథ, అప్పుడు తెలిసినవాళ్లతోనే మార్పించండి. ఎంత ట్యూన్ చేసినా పెట్రోలు కొలత సరవుతుంది గానీ, లేని గాలి రాదు. కాబట్టి పవర్ కాస్త తగ్గుతుంది. గేరు తగ్గించి ఓపిగ్గా ఎక్కండి. అన్నిటికంటే ముఖ్యం... పైన ఏది తిప్పారో రాసి పెట్టుకుని, దిగాక మళ్లీ తిప్పేయండి. కొండ కోసం చేసిన సెట్టింగే కింద ఇంజిన్‌ని కాలుస్తుంది.

తిరుగుదారిలో చింతూరులో టీ కోసం ఆగినప్పుడు బానెట్ ఎత్తి స్క్రూ పావు చుట్టు బయటికి తిప్పా. నాన్న గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు.

"షరతు సంగతేంటి నాన్నా? దారిలో ఆగింది కదా" అన్నా.

"ఆగింది బండి కాదు కదరా, నువ్వాపావు" అన్నాడు. "నువ్వు చెప్పకపోయుంటే ఈపాటికి ఆయనకి ఫోన్ చేసేవాణ్ని."

ఊరొచ్చాక ఆ చిన్న జెట్ తీసుకెళ్లి మెకానిక్ బాబాయ్‌కి ఇచ్చా. ఆయన వెలుతురుకెత్తి ఓ కంట చూసి, పాత నట్ల డబ్బాలో పడేశాడు. "ఫిల్టర్ మార్చావా?" అన్నాడు.

మార్చలేదు. ఆ రోజే మార్పించా.